తమ్ముడి చెయ్యి లాఠీ దెబ్బకి విరిగింది, ఆసుపత్రి చీటీలో "జారి పడ్డాడు" అని ఉంది. ఏం చేయాలి?

మంజీర_అక్క

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఈసారి రాయక తప్పట్లేదు.

మా తమ్ముడు డిగ్రీ సెకండియర్. మాది తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం, ఊరు పేరు, కాలేజీ పేరు చెప్పను. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు రాలేదని కాలేజీ వాళ్లు హాల్‌టికెట్లు ఆపేస్తే పోయిన సోమవారం పిల్లలు రోడ్డు మీద కూర్చున్నారు. రెండు వందల మంది ఉంటారేమో. మధ్యాహ్నం దాకా నినాదాలు తప్ప ఏం లేదు. ఒంటిగంటన్నరకి పోలీసు బండ్లు, వాటి వెనకాల ఒక డీసీఎం వ్యాను వచ్చాయి. మైకులో ఏదో చెప్పారంట, వెనకున్నోళ్లకి వినపడలేదంట. ఆ తర్వాత ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. వీడు ఊడిన చెప్పు కోసం వంగి లేచేసరికి తల మీదికి లాఠీ వస్తోంది, కుడి చెయ్యి అడ్డం పెట్టాడు.

అందరినీ డీసీఎంలో ఎక్కించి స్టేషన్‌కి తీసుకెళ్లి సాయంత్రం ఏడింటి దాకా కూర్చోబెట్టారు. బాపు వెళ్లి ఇంకెప్పుడూ ఇలా చేయడని కాగితం రాసిచ్చి తీసుకొచ్చాడు. అప్పటికే చెయ్యి లావెక్కి షర్టు చేయి కత్తిరించాల్సి వచ్చింది. ప్రభుత్వాసుపత్రికి పోతే తోడుగా ఒక కానిస్టేబుల్ వచ్చాడు. డాక్టర్ "ఎలా జరిగింది" అని అడిగారు. వీడు నోరు తెరిచేలోపే ఆ కానిస్టేబుల్ "బాత్రూంలో జారి పడ్డాడు సార్" అన్నాడు. డాక్టర్ తల ఎత్తకుండా అదే రాసేశారు. బాపు పక్కనే ఉన్నాడు, ఏం మాట్లాడలేదు.

మర్నాడు నేను ఆ చీటీ చదివాను. ఆరు రోజులైంది, నిద్ర పట్టట్లేదు. బాపేమో వదిలేయమంటున్నాడు. వీడు ఎస్ఐ ఉద్యోగానికి ప్రిపేర్ అవ్వాలనుకుంటున్నాడు, కేసైతే బతుకు పోతుందని భయం. నాకు డబ్బులొద్దు. ఆ చీటీలో అబద్ధం ఉండకూడదు, అంతే. దారి ఉందా?

గోదారి_గట్టు

చెల్లీ, ముందు ఆ ఎక్స్‌రే ఫిల్మ్ జాగ్రత్త చెయ్యి. ఎవరికీ ఒరిజినల్ ఇవ్వకు. మిగతాది తెలిసినవాళ్లు చెబుతారు.

సీతమ్మధార_వాసి

నా మాట కొంచెం చేదుగా ఉండొచ్చు. మా నాన్న ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుల్‌గా చేశారు. ఒక ధర్నాలో రాయి తగిలి ముందు పన్ను రెండు ముక్కలైంది, మూతి నిండా రక్తంతో ఇంటికొచ్చిన రోజు నాకు ఇంకా గుర్తే. ఆ రాయి వేసింది కూడా ఎవరో "విద్యార్థే". రోడ్డు బంద్ చేస్తే అంబులెన్సులు ఆగిపోతాయి, బస్సులు ఆగిపోతాయి. పోలీసులు ఏం చేయాలంటారు? ప్రతి లాఠీ ఛార్జ్‌నీ దౌర్జన్యం అనేస్తే రేపు బందోబస్తుకి ఎవరు నిలబడతారు?

మీ తమ్ముడికి దెబ్బ తగలడం బాధాకరమే, కాదనను. కానీ రెండో వైపు కూడా రాయాలనిపించింది.

నల్లకోటు_వరంగల్

@సీతమ్మధార_వాసి మీ నాన్నగారి పన్ను విరగ్గొట్టినవాడి మీద కేసు పెట్టడానికి చట్టం ఉంది, అధికారిని కొట్టడం ప్రత్యేక నేరం కూడా. ఇక్కడ అడుగుతున్నదీ అదే కదండీ, రెండు వైపులా దెబ్బ కొట్టినవాడి పేరు కాగితం మీదికి రావాలని. మీ నాన్నగారికి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసు కేసు కోసం ఆసుపత్రి రాసే గాయాల రికార్డు) రాసి ఉంటారు, గాయం ఎలా అయిందో అందులో నిజమే ఉండి ఉంటుంది. ఈ అబ్బాయికి ఆ మాత్రం దక్కలేదు.

మంజీరమ్మా, నేను లాయర్ని, క్రిమినల్ సైడ్ చేస్తాను. నాకు తోచిన వరుసలో చెబుతాను.

మొదటి సంగతి, ఎముక విరిగితే చట్టం లెక్కలో అది "తీవ్ర గాయం". మామూలు దెబ్బకీ దీనికీ శిక్షలో చాలా తేడా. అందుకే ఆ చీటీలో రెండు ముక్కలు మారిస్తే మొత్తం కేసే మారిపోతుంది. రాయించినవాడికి ఈ సంగతి తెలియకుండా ఉండదు.

గుమిగూడినవాళ్లని చెదరగొట్టే అధికారం పోలీసులకి ఉంది, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో సెక్షన్ 129, దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 148. ముందు వెళ్లిపొమ్మని ఆదేశించాలి, అది వాళ్లకి తెలియాలి, వెళ్లకపోతేనే బలం వాడాలి. అదీ చెదరగొట్టడానికి ఎంత అవసరమో అంతే. చెప్పు తీసుకోవడానికి వంగినవాడు చెదిరిపోతున్నవాడే గదా.

2011 జూన్ 4 అర్ధరాత్రి ఢిల్లీ రాంలీలా మైదానంలో రాందేవ్ బాబా దీక్షకొచ్చి నిద్రపోతున్న జనం మీద పోలీసులు పడ్డప్పుడు సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. 2012 ఫిబ్రవరి తీర్పులో చనిపోయిన ఒకావిడ కుటుంబానికి 5 లక్షలు, తీవ్రంగా గాయపడ్డవాళ్లకి 50 వేలు, చిన్న గాయాలకి 25 వేలు ఇవ్వమంది. నిర్వాహకుల తప్పు కూడా ఉందని అందులో పావు వంతు వాళ్ల ట్రస్టు మీద వేసింది. అంటే గొడవలో జనం తప్పు కొంత ఉన్నా సరే, దెబ్బకి లెక్క లెక్కే.

కష్టం ఎక్కడంటే అనుమతి దగ్గర. డ్యూటీలో చేసిన పనికి ప్రభుత్వాధికారిని విచారించాలంటే ప్రభుత్వం ఒప్పుకోవాలి. పాత చట్టంలో సెక్షన్ 197, ఇప్పుడు 218. ఢిల్లీ జామియా మిలియా యూనివర్సిటీ సంగతి చూడండి. 2019 డిసెంబర్ 15న పోలీసులు లైబ్రరీలోకి దూరి కొట్టారు, రెండు నెలల తర్వాత సీసీ కెమెరా వీడియో బయటికొచ్చింది, దేశమంతా చూసింది. అయినా ఎఫ్ఐఆర్ వేయమని యూనివర్సిటీ స్వయంగా అడిగితే 2021లో మేజిస్ట్రేట్ అనుమతి లేదని కొట్టేశారు. కొత్త చట్టంలో ఒక్క మెరుగుదల, 120 రోజుల్లో ప్రభుత్వం ఏదో ఒకటి చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. కానీ దానికి పక్కనే ఇంకో మెలిక పెట్టారు. అధికారి మీద దర్యాప్తుకి ఆదేశించే ముందు మేజిస్ట్రేటు అతని పైఅధికారి రిపోర్టు తెప్పించుకుని, అతను చెప్పేదీ వినాలి. మామూలు మనిషి మీద ఫిర్యాదైతే ఈ రెండూ లేవు.

ఇదంతా భయపెట్టడానికి కాదు. సాక్ష్యం బలంగా ఉంటేనే ఇన్ని గడపలు దాటగలమని చెప్పడానికి. ఇంతకీ ఆ అబ్బాయి మీద కేసు ఏమైనా రాశారా, లేక కాగితం మీద సంతకంతో వదిలేశారా?

మంజీర_అక్క

@నల్లకోటు_వరంగల్ అన్నా, కేసు రాయలేదన్నారు. బాపు ఏదో కాగితం మీద సంతకం పెట్టాడు, చదవలేదంట. కాపీ ఇవ్వలేదు.

రిటైర్డ్_హెచ్‌సీ_కరీంనగర్

అమ్మా, నేను 34 ఏళ్లు చేసి హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయాను. ఈ చర్చ చూసి రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

మాకు ట్రైనింగ్‌లో లాఠీ డ్రిల్ నేర్పేటప్పుడు మొదటి రోజే చెప్పే మాట, నడుం కింద కొట్టు, తల జోలికి పోకు. ముందు వార్నింగు, తర్వాత టియర్ గ్యాసు, ఆ తర్వాతే లాఠీ. తల మీదికి లాఠీ ఎత్తాడంటే వాడు డ్రిల్ మర్చిపోయాడన్నా అనుకోవాలి, కావాలని చేశాడన్నా అనుకోవాలి. మూడోది లేదు.

అలా ఎందుకవుతుందో కూడా చెబుతాను. సమర్థించడానికి కాదు. తెల్లవారుజామున నాలుగింటికి రోల్‌కాల్, అక్కడినుంచి ఒక బందోబస్తు, మధ్యలో పులిహోర పొట్లం, ఇంకో బందోబస్తు. పొద్దంతా ఎండలో నిలబెడతారు, పిల్లలు మొహం మీదే తిడుతుంటారు, వైర్‌లెస్ సెట్‌లో పెద్దసారు "ఇంకా క్లియర్ కాలేదా" అని అరుస్తుంటారు. "క్లియర్" అన్న మాటకి ఎంత బలం వాడాలో ఎవరూ చెప్పరు. సాయంత్రం రిపోర్టులో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట, "స్వల్పంగా లాఠీ ఛార్జ్". చేతులు విరిగినా స్వల్పమే, తలలు పగిలినా స్వల్పమే. నేనే రాశాను అలాంటివి. ఇప్పుడు తలుచుకుంటే మనసు బాగుండదు.

గొడవ పెద్దదైతే సంజాయిషీ మెమో కానిస్టేబుల్‌కి వస్తుంది. సెట్‌లో అరిచినవాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు. మీరు ఫిర్యాదు రాస్తే కొట్టినవాడి గురించే కాకుండా, ఆ రోజు అక్కడ ఇన్‌చార్జ్ ఎవరు, ఆదేశం ఎవరిచ్చారు, వార్నింగ్ ఎన్ని గంటలకి ఇచ్చారు అన్నది కూడా అడగండి. స్టేషన్‌లో రోజువారీ జరిగినవి రాసే జనరల్ డైరీలో మీవాళ్లని తెచ్చిన టైము, వదిలిన టైము ఉండాలి. లేకపోతే అదే ఒక పెద్ద పాయింటు.

ఇంకోటి, ఆ రోజు వాళ్ల గుండెల మీద పేర్లు ఉన్నాయా? దెబ్బ తగలకుండా ఛాతీకి గార్డులు కట్టుకుంటే నేమ్ ప్లేట్ లోపలికి పోతుంది, పైన ఇంకోటి పెట్టుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

మంజీర_అక్క

@రిటైర్డ్_హెచ్‌సీ_కరీంనగర్ బాబాయ్, తమ్ముణ్ని అడిగాను. పైన నల్లటి గార్డు ఉంది, పేరు కనపడలేదు, హెల్మెట్ ఉంది అన్నాడు. వాడికి గుర్తున్నది ఒక్కటే, ఆయన ఎడమ చేతికి ఎర్ర దారం కట్టుకున్నాడంట.

మీరు ఇంత ఓపెన్‌గా రాసినందుకు చాలా థ్యాంక్స్. బాపుకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు గానీ ఇంకోసారి చదవమన్నాడు.

కంచ_పాతకాపు

నేను హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదివాను. 2025 ఉగాది రోజున, మార్చి 30న, క్యాంపస్‌ని ఆనుకున్న కంచ గచ్చిబౌలి భూముల్లోకి జేసీబీలు దిగినప్పుడు అడ్డుపడ్డ పిల్లల్ని పోలీసులు ఎత్తుకెళ్లిన వీడియోలు మీరంతా చూసే ఉంటారు. ఏప్రిల్ 2న లాఠీలు లేచాయి, 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది. తర్వాత విద్యార్థుల మీద కేసులు ఎత్తేయమని ప్రభుత్వమే చెప్పింది. మంచిదే, సంతోషించాం.

కానీ నన్ను ఇప్పటికీ తొలిచేది ఒకటుంది. కేసులు ఎత్తేయడం వేరు, కొట్టినదానికి జవాబు చెప్పడం వేరు. మొదటిది జరగగానే రెండోది అందరూ మర్చిపోయాం, అడగాల్సిన మేమే మర్చిపోయాం. అంతకుముందు 2016 మార్చి 22న కూడా అదే క్యాంపస్. అక్కడి పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల చనిపోయి రెండు నెలలు, వీసీ తిరిగి వచ్చిన రోజు. వీసీ బంగళాలో సామాను పగిలింది, అది నిజం. దాని తర్వాత లాఠీ ఛార్జ్, 25 మంది విద్యార్థులు, ఇద్దరు అధ్యాపకులు వారం దాకా జైల్లో. హాస్టళ్లలో మెస్‌లు మూసేశారు, నీళ్లు, ఇంటర్నెట్ ఆగిపోయాయి. పగిలిన కిటికీలకి కేసు ఉంది. విరిగిన ఒళ్లకి?

మంజీర గారూ, మీ తమ్ముడి మీద కేసు లేదు కదా అని "అంతా సర్దుకుంది" అంటారు. సర్దుకోలేదు.

పాతబస్తీ_కాగితాలు

ఇది ఈనాటిది కాదు. 1952 సెప్టెంబరు 3, 4 తేదీల్లో ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలన్న) ఉద్యమంలో హైదరాబాద్ సిటీ కాలేజీ చుట్టుపక్కల కాల్పులు జరిగాయి, పిల్లలు పోయారు. బూర్గుల ముఖ్యమంత్రి. అప్పుడు కనీసం ఒక హైకోర్టు జడ్జితో, జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డితో, విచారణ వేయించారు. 1966 నవంబర్ 1న విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం అడిగినప్పుడు కూడా తుపాకులే పలికాయి, చనిపోయినవాళ్లలో విద్యార్థులున్నారు. ఉక్కు వచ్చింది, ఆ రోజు కాల్చమన్నదెవరో ఎంతమందికి తెలుసు?

కేరళలో రాజన్ తండ్రి ఈచర వారియర్ సంగతి మాత్రం నాకెప్పుడూ ధైర్యం ఇస్తుంది. 1976 మార్చిలో, ఎమర్జెన్సీ రోజుల్లో, కాలికట్ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ నుంచి కొడుకుని పోలీసులు తీసుకెళ్లారు. శవం కూడా దొరకలేదు. ఆ పెద్దాయన ఎమర్జెన్సీ పోగానే మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశాడు. ఆ కేసు దెబ్బకి 1977 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి కరుణాకరన్ గద్దె దిగాల్సి వచ్చింది. ఆయన దగ్గర లాయర్ల మంద లేదు, పార్టీ లేదు. ఒక హిందీ మాస్టారు, అంతే.

క్లీవ్‌లాండ్_రావు

నేనుండేది ఒహాయోలో. కెంట్ స్టేట్ యూనివర్సిటీ మాకు గంట లోపే. మా అమ్మాయి అక్కడ చేరినప్పుడు చూపించింది, పార్కింగ్ స్థలంలో నాలుగు చోట్ల చిన్న దీపస్తంభాలతో హద్దు కట్టి ఉంచారు, కార్లు పెట్టకూడదు. 1970 మే 4న వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా నిరసన చేస్తుంటే నేషనల్ గార్డ్ సైనికులు 13 సెకన్లలో 67 సార్లు కాల్చారు. నలుగురు చనిపోయారు, తొమ్మిది మందికి గాయాలు. ఆ నలుగురిలో ఇద్దరు అసలు నిరసనలోనే లేరు, క్లాసుకి నడుచుకుంటూ పోతున్నవాళ్లు. ఎనిమిది మంది గార్డుల మీద కేసు పెడితే జడ్జి కొట్టేశాడు. 1979లో 6,75,000 డాలర్లు, ఒక విచారం వ్యక్తం చేసిన కాగితం. శిక్ష ఒక్కరికీ లేదు.

అమెరికాలో న్యాయం గొప్పదని చెప్పడానికి రాయలేదు, చూస్తున్నారుగా. ఆ నాలుగు చోట్ల ఈరోజుకీ కారు పెట్టనివ్వరు, అది మాత్రం నాకు నచ్చింది.

పల్లె_డాక్టర్

ఆలస్యంగా చూశాను, నైట్ డ్యూటీలు. నేను ప్రభుత్వాసుపత్రిలో ఎముకల డాక్టర్ని. ముందుగా మా వాళ్ల తరఫున సిగ్గుపడుతున్నాను. క్యాజువాలిటీలో రోగి నోట విని రాయాలి, పక్కనున్నవాడి నోట కాదు. పోలీసు తీసుకొచ్చినా సరే, "బయట కూర్చోండి" అనే హక్కు డాక్టర్‌కి ఉంది. రాత్రి పూట ఒంటరి డ్యూటీలో ఆ మాట అనడానికి చాలామందికి ధైర్యం చాలదు, అదీ నాకు తెలుసు.

మంజీరా, ఒక ప్రశ్న. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. బొటనవేలి వైపుది రేడియస్, చిటికెన వేలి వైపుది అల్నా. విరిగింది ఏది? మణికట్టు దగ్గరా, మధ్యలోనా? ఫిల్మ్‌ని కిటికీకి ఎదురుగా పట్టి చూడు.

మంజీర_అక్క

@పల్లె_డాక్టర్ సార్, చిటికెన వేలి వైపుది ఒక్కటే విరిగింది. మధ్యలో, అడ్డంగా గీత గీసినట్టుంది. ఇంకో ఎముక బాగానే ఉంది. చీటీలో కూడా "అల్నా షాఫ్ట్" అని ఉంది.

పల్లె_డాక్టర్

అదే అనుకున్నాను.

మనిషి జారి పడితే చెయ్యి చాపి నేల మీద ఆనిస్తాడు. బరువంతా మణికట్టు మీద పడుతుంది, మామూలుగా విరిగేది బొటనవేలి వైపు ఎముక, అదీ మణికట్టు దగ్గర. బాత్రూంలో పడ్డ ముసలివాళ్లలో రోజూ చూస్తాను. తల కాపాడుకోవడానికి చెయ్యి పైకెత్తితే మాత్రం ముందుకొచ్చేది చిటికెన వేలి వైపు ఎముక. కర్ర నేరుగా దాని మీద పడుతుంది. అల్నా ఒక్కటే, మధ్యలో, అడ్డంగా విరుగుతుంది. మా పుస్తకాల్లో దీని పేరే "నైట్‌స్టిక్ ఫ్రాక్చర్". నైట్‌స్టిక్ అంటే పోలీసు లాఠీ. ప్రపంచమంతా ఎముకల డాక్టర్లు ఈ విరుపుని లాఠీ పేరుతోనే పిలుస్తారు.

ఎక్స్‌రే ఒక్కదానితో లాఠీయే అని నూటికి నూరు శాతం చెప్పలేం, ఏ గట్టి వస్తువు తగిలినా ఇలా కావచ్చు. కానీ "జారి పడ్డాడు" అన్నదానికి ఇది అతకదు. కోర్టులో నిలబడే మాట ఇది.

ఇంకా ఒంటి మీద కమిలిన మచ్చలున్నాయా? లాఠీ దెబ్బకి రైలు పట్టాల్లాగా రెండు ఎర్రటి గీతలు, మధ్యలో తెల్లగా చర్మం కనిపిస్తుంది. రెండు వారాల్లో మాయమవుతాయి. ఈరోజే, వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తియ్యి. రేపు ఇంకో ఆసుపత్రికి వెళ్లి ఎంఎల్‌సీ కట్టించు, ఎలా జరిగిందో మీ తమ్ముడి నోటితోనే చెప్పించు. లేటైంది కదా అని వెనక్కి పంపితే ఆ మాట రాసిమ్మను.

మంజీర_అక్క

సార్, వీపు మీద రెండున్నాయి. మీరు చెప్పినట్టే. రెండు గీతలు, మధ్యలో తెల్లగా. పసుపు రంగులోకి మారుతున్నాయి. ఇది రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి.

నల్లకోటు_వరంగల్

డాక్టర్ గారూ, మీకు దండం.

అమ్మా, ఇప్పుడు త్వరపడాలి. రోడ్డు మీద షాపుల సీసీ కెమెరా రికార్డు చాలాచోట్ల పదిహేను రోజులో నెలో ఉంటుంది, ఆ తర్వాత దాని మీదే కొత్తది ఎక్కిపోతుంది. మీకు వారం అయిపోయింది. షాపుల వాళ్లని బతిమాలో భోజనం పెట్టో కాపీ తీసుకోండి, ఏ మెషీన్ నుంచి తీశారో రాయించుకోండి. ఫ్రెండ్స్ ఫోన్లలో వీడియోలుంటే ఫోన్‌లోనే ఒరిజినల్ ఉంచమనండి, వాట్సాప్‌లో పంపుకున్నది సాక్ష్యంగా బలహీనం. స్టేషన్ సీసీ కెమెరాలకి 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, కనీసం ఏడాది రికార్డు దాచాలి. ఆ రోజు ఫుటేజీ దాచి ఉంచమని ఎస్పీకి, స్టేషన్‌కి ఈరోజే స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ పెట్టించి లెటర్ పంపండి. రశీదు పోగొట్టుకోవద్దు.

ఫిర్యాదు స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో, ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి. మానవ హక్కుల కమిషన్‌కి తెల్లకాగితం మీద రాసి పంపినా చాలు, ఫీజు లేదు, జరిగిన ఏడాది లోపు పంపాలి. పోలీసుల మీద ఫిర్యాదులకి వేరే సంస్థ పెట్టాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్నేళ్ల ప్రాక్టీసులో దాని గుమ్మం తొక్కిన క్లయింటు నాకు ఒక్కరూ తగల్లేదు, అందుకే దాని మీద ఆశ పెట్టుకోమని చెప్పను.

ఉద్యోగం భయం గురించి, ఫిర్యాదు చేసినవాడి మీద కేసు ఉన్నట్టు కాదు. ఉద్యోగమిచ్చే ముందు నింపించే అటెస్టేషన్ ఫారంలో అడిగేది నీ మీద కేసులున్నాయా అని, నువ్వు ఎవరి మీదైనా పెట్టావా అని కాదు. ఎదురు కేసు పెట్టే ప్రమాదం ఉంది, అది దాచను. మీ నాన్నగారితో నేను మాట్లాడతాను, నంబర్ మెసేజ్‌లో పెట్టాను.

సీతమ్మధార_వాసి

మూడు రోజులుగా ఈ చర్చ చదువుతూనే ఉన్నాను. మా నాన్నకి ఫోన్ చేసి అడిగాను, మీరెప్పుడైనా తల మీద కొట్టారా అని. చాలాసేపు మాట్లాడలేదు. "కొట్టినవాళ్లని చూశాను, ఆపలేదు" అన్నారు. నేను మొదట రాసింది వెనక్కి తీసుకోను, రాళ్లు వేయడం తప్పే. కానీ ఆసుపత్రి చీటీ మార్పించడం మాత్రం డ్యూటీ కిందికి రాదు, దానికి ఏ వివరణా లేదు. మంజీర గారూ, ఖర్చులకి ఏమైనా కావాలంటే మొహమాటపడకండి.

రిటైర్డ్_హెచ్‌సీ_కరీంనగర్

@సీతమ్మధార_వాసి బాబూ, మీ నాన్నని ఒకసారి నాతో మాట్లాడమను.

మంజీర_అక్క

అప్‌డేట్. నిన్న పొద్దున్నే వేరే ఊళ్లో పెద్దాసుపత్రికి వెళ్లాం. ముందు "ఇన్ని రోజుల తర్వాత ఎంఎల్‌సీ ఏంటి" అన్నారు. అయితే అదే రాసివ్వండి సార్ అన్నాను. లోపలికి వెళ్లి పెద్ద డాక్టరుతో మాట్లాడి వచ్చి కట్టారు. తమ్ముణ్ని ఒక్కణ్నే లోపలికి పిలిచి అడిగారు. వాడు మొత్తం చెప్పాడంట, ఎర్ర దారం సంగతి కూడా. వీపు మచ్చలు కొలిచి రాసుకున్నారు.

టీ కొట్టు ఆయన ఫుటేజీ ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. అందులో దెబ్బ కనపడదు, చెట్టు కొమ్మ అడ్డం ఉంది. కానీ వీడు చెప్పు కోసం వంగడం కనపడుతుంది, ఆ తర్వాత చెయ్యి పట్టుకుని పక్కకి కూలబడటం కనపడుతుంది. టైము 1:41.

రాత్రి ఎస్పీకి ఫిర్యాదు రాశాం. బాపు చెబుతుంటే నేను రాశాను. అవును, బాపే చెప్పాడు, "ఆ రోజు నేను పక్కనే ఉండి ఊరుకున్నాను, అది కూడా రాయి" అన్నాడు. తమ్ముడు ఎడమ చేత్తో సంతకం పెట్టాడు. మూడో కాగితానికి గానీ సరిగ్గా రాలేదు.

పోస్టాఫీసు పదింటికి తెరుస్తారు. ఇప్పుడే బయల్దేరుతున్నాం. @నల్లకోటు_వరంగల్ అన్నా, అవతల అందిందన్న రుజువు (ప్రూఫ్ ఆఫ్ డెలివరీ) కూడా అడగాలా, రశీదు చాలా?

నల్లకోటు_వరంగల్

రెండూ తీసుకో తల్లీ. కవరు మూసే ముందు ప్రతి పేజీ ఫోటో తియ్యి.